రెండు పేర్ల పిల్లలు

నాచారం అనగానే పాత సినిమా మనుషులకు ముందుగా గుర్తొచ్చేది రామకృష్ణా స్టూడియోస్. ఎన్టీఆర్ కట్టించిన స్టూడియో. ‘దాన వీర శూర కర్ణ’ తీసింది అక్కడే. 1977 సంక్రాంతికి విడుదలైన ఆ సినిమాలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, మూడు వేషాలూ ఆయనవే. దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ ముగ్గురిలో ఇద్దరు పసిగుడ్డులుగానే పరాయి ఇంటికి చేరిన బిడ్డలన్న సంగతి మాత్రం ఈమధ్యే తట్టింది. కర్ణుణ్ణి కన్నతల్లి పెట్టెలో పెట్టి ఏట్లో వదిలింది. రాధ పెంచింది కనక రాధేయుడయ్యాడు. కృష్ణుణ్ణి కన్నతండ్రి రాత్రికి రాత్రి యమున దాటించాడు. పిల్లల్ని వెతికి వెతికి చంపే కంసుడి చేతికి చిక్కకుండా యశోద కొడుకై పెరిగాడు. మన దగ్గర దాగి పెరిగిన బిడ్డ కథ చివరికి వీరుడి కథో దేవుడి కథో అయిపోతుంది. పేరు మారిన ఆ పిల్లవాడు రాత్రిళ్లు ఏం తలుచుకున్నాడో, కన్నతల్లి మొహం ఎప్పుడు మరిచాడో, ఆ కథలు ఆగి చూడవు.

ఆగి చూసే సినిమాలు వేరే ఉన్నాయి. ఉప్పల్‌లో ఒక మిత్రుడి ఇంటి మేడగదిలో అప్పుడప్పుడూ శనివారం రాత్రి ఏడెనిమిది మందిమి చేరతాం. గోడకు తెల్ల దుప్పటి, చిన్న ప్రొజెక్టరు, ఫ్లాస్కులో చాయ్. కిటికీ తెరిచి ఉంటే పైన వంతెన మీద మెట్రో పోతున్న చప్పుడు. కొన్ని నెలలుగా మేం చూస్తున్నవన్నీ ఒక్క విషయం మీదే: నాజీల కాలంలో చావు తప్పించుకున్న యూదు పిల్లల సినిమాలు. ఆ ఊచకోతలో చనిపోయిన యూదులు దాదాపు 60 లక్షలమంది. అందులో పిల్లలే సుమారు 15 లక్షలు. బతికిన కొద్దిమందిలో చాలామంది మఠాల్లో, పల్లెటూరి రైతుల కొట్టాల్లో, అడవుల్లో, అనాథాశ్రమాల్లో తలదాచుకున్నవాళ్లు. ఎక్కడ దాగినా మొదట వదులుకోవాల్సి వచ్చింది పేరు. యూదు పేరు నోట్లోంచి జారితే ప్రాణం పోయినట్టే.

చూసిన కొద్దీ నాకు ఒకటి అర్థమైంది. ఈ సినిమాల్లో మంచివి ఏవో, కన్నీళ్ల కోసం తీసినవి ఏవో తేల్చడానికి ఒక్క గుర్తు చాలు. ఆ పిల్లవాడు పేరు పోగొట్టుకున్న క్షణాన్నీ, ఎవరో ఆ పేరు పెట్టి మళ్లీ పిలిచిన క్షణాన్నీ దర్శకుడు ఎలా పట్టుకున్నాడో చూడాలి. మిగతా పనితనమంతా అక్కణ్ణించే తెలుస్తుంది.

మొట్టమొదట చెప్పాల్సింది ‘ద సెర్చ్’. 1948లో వచ్చింది. దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమాన్ హాలీవుడ్‌లో స్థిరపడిన యూదుడు. ఆయన తల్లిదండ్రులిద్దరూ ఆ ఊచకోతలో పోయారు. యుద్ధం ముగిసిన రెండేళ్లకే జర్మనీ వెళ్లి నూరెంబర్గ్, మ్యూనిక్ వంటి నగరాల నిజమైన శిథిలాల మధ్య కెమెరా పెట్టాడు. ఏ కళాదర్శకుడూ కట్టలేని సెట్టు అది.

కథ కారెల్ మాలిక్ అనే చెక్ కుర్రాడిది. ఆష్విట్జ్ శిబిరంలో తల్లినుంచి విడిపోయాడు. ఏది అడిగినా జర్మన్ భాషలో ‘తెలియదు’ అనే ఒక్క మాటే చెబుతాడు. పేరేమిటంటే తెలియదు, ఊరేదంటే తెలియదు. తెలియకపోవడం వేరు, తెలిసినా చెబితే ప్రమాదమని నేర్చుకోవడం వేరు. ఐవాన్ యాండ్ల్ అనే ఆ చిన్న నటుడి మొహంలో ఆ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. ఆ పిల్లవాడికి ఇంగ్లీషు రాదు. మాటల అర్థంతో పనిలేకుండా శబ్దాలుగా బట్టీపట్టి పలికాడు. పాత్ర కూడా కొత్త భాష నేర్చుకుంటున్న పిల్లవాడే కావడంతో ఆ తడబాటు నటన అనిపించదు. అతనికి ఆస్కార్ వారు బాలనటుల ప్రత్యేక బహుమతి ఇచ్చారు. అప్పటి చెకోస్లోవేకియా ప్రభుత్వం వల్ల దాన్ని అందుకోవడానికి వెళ్లలేకపోయాడు.

ఆ సినిమాలో ఒక సన్నివేశం ఉంది. సహాయ సంస్థవాళ్లు పిల్లల్ని వేరే చోటికి తీసుకెళ్లడానికి అంబులెన్సు ఎక్కిస్తారు. తలుపులు మూసుకుంటాయి. బండి కదులుతుంది. లోపలికి పొగ వాసన వస్తుంది. అంతే, పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నాజీలు మూసిన బండ్లలో పొగ వదిలి మనుషుల్ని చంపేవారన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పిల్లల కళ్లు చెబుతాయి. వాళ్లు తలుపు బద్దలుకొట్టుకుని పారిపోతారు. తమను కాపాడడానికి వచ్చినవాళ్లనుంచే పారిపోతారు. జిన్నెమాన్ ఇక్కడ ఒక్క శవాన్ని చూపించలేదు, ఒక్క నాజీ సైనికుణ్ణి చూపించలేదు. మూతపడిన తలుపు, వాసన, చిన్న మొహాలు. క్రూరత్వాన్ని పిల్లల ఎత్తులో కెమెరా పెట్టి చూపడమంటే ఇదేనని మా మేడగదిలో అందరం ఒప్పుకున్నాం.

నన్ను ఇంతకన్నా కదిలించింది ఇంకొకటి. కారెల్ తల్లి కొడుకును వెతుక్కుంటూ దేశమంతా నడిచి నడిచి ఒక శిబిరానికి వస్తుంది. కారెల్ మాలిక్ పేరుతో ఒక పిల్లవాడు ఇక్కడ ఉన్నాడంటారు. పిలుస్తారు. ఆమె ఒళ్లంతా కళ్లు చేసుకుని చూస్తుంది. వచ్చినవాడు వేరే పిల్లవాడు. అతని అసలు పేరు జోయెల్ మాకోవ్‌స్కీ, యూదుడు. హాజరు పిలుస్తున్నప్పుడు కారెల్ మాలిక్ అన్న పేరుకు ఎవరూ పలకకపోతే తాను పలికి, ఆ పేరులో దూరాడు. యుద్ధం అయిపోయినా, నీకేం భయం లేదని చెప్పినా, ఆ పేరు వదలడానికి జంకుతాడు. ఎవరిదో ఒక బిడ్డ పేరు తొడుక్కుని బతుకుతున్న పిల్లవాడు, ఆ పేరు కోసమే వచ్చిన తల్లి ఎదురెదురుగా నిలబడతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒకరి ఆశ పగిలితే ఇంకొకరి ఆసరా పగులుతుంది. స్క్రిప్టు రాసినవాళ్లు ఈ ఒక్క మలుపులో ఎంత చెప్పారో ఆలోచిస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. సినిమా కథంతా కారెల్‌దే అయినా, యూదు పిల్లల కథ మొత్తం ఈ జోయెల్ దగ్గర కొద్ది నిమిషాల్లో ఇమిడిపోయింది.

ఇక కారెల్‌ను ఒక అమెరికన్ సైనికుడు (మాంట్‌గొమరీ క్లిఫ్ట్) చేరదీసి జిమ్ అని పేరు పెడతాడు. చివర్లో పిల్లల వరసలో నడుస్తూ తల్లి పక్కనుంచే వెళ్లిపోతుంటాడు. ఆమె ‘కారెల్’ అని పిలుస్తుంది. తిరిగి చూస్తాడు. జిమ్ అని ఎన్నిసార్లు విన్నా రాని ఆ తిరగడం చూడండి, మెడ, భుజం, ఒళ్లంతా ఒక్కసారే తిరుగుతాయి.

ఫ్రాన్సులో క్లోద్ బెరీ 1967లో తీసిన ‘ద టూ ఆఫ్ అస్’ దీనికి పూర్తిగా వేరే స్వరం. నవ్వు ఎక్కువ. బెరీ అసలు ఇంటిపేరు లాంగ్‌మన్. చిన్నప్పుడు తాను దాగిన రోజుల్నే తన మొదటి సినిమాగా తీశాడు. ఎనిమిదేళ్ల క్లోద్‌కు తల్లిదండ్రులు లాంగే అనే కొత్త ఇంటిపేరు పలకడం నేర్పి, క్రైస్తవ ప్రార్థన నేర్పి, ఒక పల్లెలో ముసలి దంపతుల దగ్గరికి పంపిస్తారు. ఆ ముసలాయనకు యూదులంటే పడదు. దేశానికి పట్టిన దరిద్రమంతా వాళ్లవల్లేనంటాడు. ఈ కుర్రాడెవరో తెలియకుండా ప్రాణంగా ప్రేమిస్తాడు. ఆయన మాంసం ముట్టడు, తన ముసలి కుక్కకు బల్ల దగ్గర కూర్చోబెట్టి తినిపిస్తాడు. ఇంత మెత్తని మనిషిలో అంత విషం ఎలా ఇమిడిందా అని మనం చూస్తూనే ఉంటాం. ఆ పాత్ర వేసిన మిషెల్ సిమాన్‌కు బెర్లిన్ ఉత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

యూదుల్ని ఎలా గుర్తుపట్టాలి తాతా అని కుర్రాడు అడుగుతాడు. తాత ముక్కు గురించి, ఇంకేవేవో ఆనవాళ్ల గురించి చెప్పుకుపోతాడు. కుర్రాడు తాత ముక్కు వంక చూసి, నీ ముక్కూ పెద్దదే కదా అని ఏడిపిస్తాడు. మేమంతా పగలబడి నవ్వాం. నవ్వు ఆగాక గదిలో నిశ్శబ్దం. పిల్లవాడు తన భయాన్ని ఆటగా మార్చుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. బెరీ ఎక్కడా వేలెత్తి చూపడు. పరాయి ఇంటి యశోద ఒళ్లో ప్రేమ దొరికింది గానీ, అసలు పేరు తెలిస్తే ఆ ఒడి ఏమయ్యేదన్న ప్రశ్నను మనకు వదిలి కుర్రాణ్ణి ఇంటికి పంపేస్తాడు. సినిమా చివరిదాకా తాతకు ఆ రహస్యం తెలియదు.

కర్ణుడి సంగతికి మళ్లీ వస్తాను. కర్ణుడు ఎవరింట పెరిగినా అతని ఒంటిమీద కవచకుండలాలున్నాయి. పుట్టుక ఒంటికే అంటుకుని ఉంది. అతన్ని కాపాడింది అదే. అగ్నియెష్కా హోలండ్ 1990లో తీసిన ‘యురోపా యురోపా’లోనూ పుట్టుక ఒంటికే అంటుకుని ఉంటుంది. అయితే అక్కడ అది ప్రాణం తీసే గుర్తు. సుంతీ. సాలొమన్ పెరెల్ అనే నిజమైన మనిషి కథ ఇది. జర్మనీలో పుట్టిన యూదు కుర్రాడు, కుటుంబంతో పోలండ్ పారిపోయి, అక్కణ్ణించి సోవియట్ అనాథాశ్రమానికి చేరి, 1941లో జర్మన్ సైన్యానికి చిక్కినప్పుడు తాను యూదుణ్ణి కానని, అసలు జర్మన్‌నేనని చెప్పి బతికాడు. జూప్ అన్న పేరుతో దుబాసీ అయ్యాడు. చివరికి హిట్లర్ కుర్రదళం నడిపే బడిలో చేరాడు. చంపేవాళ్ల మధ్య, వాళ్ల యూనిఫారంలోనే దాగాడు.

హోలండ్ పనితనమంతా ఆ ఒంటి గుర్తును మోసే భారాన్ని చూపడంలో ఉంది. స్నానం, డాక్టరు పరీక్ష, తోటి సైనికుడి స్నేహం, లెనీ అనే అమ్మాయి మీద పుట్టిన ప్రేమ, మామూలు కుర్రాడికి వయసు తెచ్చే ఒక్కో సంగతీ ఇతనికి ఒక్కో ఉరితాడు. దారంతో ఆ చర్మాన్ని లాగి కట్టుకుని మార్చుకోవాలని ప్రయత్నించి నొప్పితో మెలికలు తిరిగే సన్నివేశం చూడడం కష్టం. తన శరీరంతో తానే యుద్ధం చేస్తున్న పిల్లవాణ్ణి ఇంత నిర్మొహమాటంగా చూపిన సినిమా నేను ఇంకొకటి చూడలేదు. క్లాసులో ‘జాతి శాస్త్రం’ పాఠం వస్తుంది. పంతులు సాలొమన్‌నే లేపి తల కొలిచి, ఇతను అచ్చమైన ఆర్యుడని ప్రకటిస్తాడు. అక్కడ కెమెరా పంతులి మీద నిలవదు. చెమటపట్టిన కుర్రాడి మొహం మీద, కొలత సాధనం ముక్కు మీద ఆనినప్పుడు రెప్ప వాల్చని కళ్ల మీద నిలుస్తుంది.

అయితే ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా గొప్పది ట్రాము సన్నివేశం. ఊద్జ్ నగరంలో తల్లిదండ్రులున్న యూదుల వాడ గుండా ట్రాము వెళుతుంది. లోపలివాళ్లకు బయటిది కనపడకుండా అద్దాలకు సున్నం పూశారు. యూనిఫారం వేసుకున్న సాలొమన్ అద్దం మీద కాస్త సున్నం గోకి, ఆ చిన్న కన్నంలోంచి చూస్తాడు. నడుస్తున్న ఒక స్త్రీ అమ్మేమో అనిపిస్తుంది. ట్రాము ఆగదు. ఇదంతా మనమూ ఆ గోరంత కన్నంలోంచే చూస్తాం. దర్శకురాలు తలచుకుంటే వాడను విశాలంగా చూపగలదు. చూపలేదు. కొడుకుకు ఎంత కనపడిందో మనకూ అంతే. తెలుగులో ఇలాంటి ఘట్టానికి కనీసం ఒక పాట పెట్టేవాళ్లం. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

సాలొమన్ అన్న ఐజాక్‌గా వేసింది సాలొమన్‌గా వేసిన మార్కో హోఫ్‌ష్నైడర్ సొంత అన్న రెనే. శిబిరంలోంచి బయటపడ్డ ఐజాక్ ఎదురై తమ్ముణ్ణి గుర్తుపట్టి, చావు తప్పిస్తాడు. అక్కడ ఆ ఇద్దరూ కౌగిలించుకోవడం మామూలు నటన కాదు. ఒకే రక్తం అది.

2013లో పెపె డాన్‌క్వార్ట్ తీసిన ‘రన్ బాయ్ రన్’ గురించి ఎక్కువ చెప్పను, చూస్తే చాలు. వార్సా యూదుల వాడనుంచి తప్పించుకున్న స్రులిక్ అనే చిన్నవాడు యూరెక్ అనే పేరుతో పల్లె పల్లెకూ, అడవి అడవికీ తిరుగుతూ మూడేళ్లు బతుకుతాడు. యూదుడని తెలిసి డాక్టరు ఆపరేషన్ చేయనంటే చెయ్యి పోగొట్టుకుంటాడు. ఇదీ నిజంగా జరిగిందే. ఆ పాత్రను ఆంద్జే, కమిల్ త్కాచ్ అనే కవలలిద్దరు పంచుకున్నారు. ఎక్కడ ఎవరున్నారో పట్టుకోవాలని రెండుసార్లు చూశాను, పట్టుకోలేకపోయాను. ఒకే పిల్లవాడికి రెండు పేర్లున్న కథలో ఇద్దరు పిల్లలు ఒక్కడిగా కలిసిపోయారు.

బెనీనీ ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’ మన దగ్గర చాలామంది చూసిందే. 1997 నాటి ఆ సినిమాకు మూడు ఆస్కార్లు వచ్చాయి. అందులో ఒక్క ఘట్టానికి నేను ఎప్పటికీ అభిమానినే. శిబిరంలో జర్మన్ అధికారి నియమాలు అరుస్తుంటాడు. తండ్రి గ్విడోకు జర్మన్ ముక్క రాదు. అయినా దుబాసీగా ముందుకొచ్చి, కొడుకు వినేలా దాన్ని ఒక ఆటగా ‘అనువదిస్తాడు’. వెయ్యి పాయింట్లు వస్తే నిజమైన ట్యాంకు బహుమతి అంటాడు. అధికారి ఎంతసేపు అరిస్తే ఇతనూ అంతసేపు, అతను ఎక్కడ ఆగితే ఇతనూ అక్కడ. పెదవి కదలికకు మాట తూచి వేసే డబ్బింగ్ రచయితలకు దాని విలువ బాగా తెలుస్తుంది. కానీ ఆ సినిమా తండ్రిది. పిల్లవాడు జోజువే అందులో చివరిదాకా ప్రేక్షకుడే. అతను దేన్నీ దాచుకోనక్కర్లేదు, పేరు మార్చుకోనక్కర్లేదు, తెలుసుకోనక్కర్లేదు. నిజంగా బతికిన పిల్లలు ఎంత తెలుసుకుని, ఎంత దాచి బతికారో చూశాక, ఆ కథలోని తియ్యదనం నాకు కాస్త ఎక్కువనిపించింది.

ఇలా అనే హక్కు నాకుందా అంటే, ఆ హక్కు మొదట వాడుకున్నది పిల్లలే. 1948లో పోలండ్‌లో యిడ్డిష్ భాషలో ‘ఉన్జరె కిందర్’ అని ఒక సినిమా వచ్చింది. మా పిల్లలు అని అర్థం. జిగాన్, షూమాకర్ అనే ఇద్దరు పేరుపొందిన హాస్యనటులు యూదుల వాడ జీవితాన్ని రంగస్థలం మీద ఆడుతుంటారు. చూడడానికి వచ్చిన అనాథ పిల్లలు ఈల వేసి నిరసన చెబుతారు. అలా ఉండేది కాదు అంటారు. నటులు సిగ్గుపడి, తర్వాత ఆ పిల్లల ఆశ్రమానికే వెళతారు. ఆ వేషాలు వేసిన పిల్లలు నిజంగానే ఆ ఊచకోతనుంచి బతికినవాళ్లు. రాత్రి పక్కల మీద పడుకుని తమ కథలు చెప్పుకుంటారు. వాళ్లచేత గతాన్ని చెప్పించాలా, మరిచిపోనివ్వాలా అని పెద్దలు మథనపడతారు. ఈ రంగంలో తర్వాత వచ్చిన ప్రతి దర్శకుడూ జవాబు చెప్పాల్సిన ప్రశ్నను యుద్ధం ముగిసిన మూడేళ్లకే అడిగేసిన సినిమా అది.

పేరు పిలుపు ఎంత భయంకరం కాగలదో చూడాలంటే లూయీ మాల్ 1987లో తీసిన ‘ఓ రెవ్వార్ లెజాంఫా’ చూడాలి. క్యాథలిక్ బడిలో ఝాన్ బొనే అన్న పేరుతో దాగిన యూదు కుర్రాడు. క్లాసులోకి నాజీ రహస్య పోలీసు, గెస్టపో అధికారి వస్తాడు. మీలో కిప్పెల్‌స్టైన్ ఎవరని అడుగుతాడు. ఎవరూ పలకరు. ప్రాణస్నేహితుడైన జూలియాన్ మాత్రం, కావాలని కాదు, క్షణంలో వందో వంతు తలతిప్పి స్నేహితుడి వైపు చూస్తాడు. అధికారికి అది చాలు. బొనే లేచి పెన్సిళ్లు సర్దుకుంటాడు, తోటివాళ్లకు చెయ్యి కలుపుతాడు. 1944 జనవరిలో మాల్ చదివిన బడిలో ముగ్గురు యూదు పిల్లల్ని ఇలాగే పట్టుకుపోయారు. ఆష్విట్జ్‌నుంచి వాళ్లెవరూ రాలేదు. అప్పుడు మాల్ వయసు 11. ఆ జ్ఞాపకానికి సినిమా రూపం ఇవ్వడానికి నలభై ఏళ్లు పైగా పట్టింది. చివర్లో వినిపించే గొంతు ఆయన సొంత గొంతే.

కొందరు దర్శకులు పిల్లవాణ్ణి అసలు చూపించరు. క్లోద్ లాంజ్‌మన్ ‘షోవా’ 1985 నాటి డాక్యుమెంటరీ, తొమ్మిదిన్నర గంటలు. పాత ఫుటేజీ ఒక్క ముక్క కూడా లేదు. మొదట్లోనే ఒక పడవ. నెర్ అనే నది, చుట్టూ పచ్చటి గట్లు. పడవలో నడివయసు మనిషి పాడుతూ కూర్చుని ఉంటాడు. ఆయన సిమోన్ స్రెబ్నిక్. పదమూడేళ్లప్పుడు హెల్మ్‌నో అనే చోట నాజీలకు బందీ. గొంతు బాగుందని ఇదే నది మీద పడవలో కూర్చోబెట్టి పాడించుకునేవాళ్లు. కాళ్లకు గొలుసులు. రష్యన్ సేనలు దగ్గరికొస్తుంటే 1945 జనవరిలో మిగిలినవాళ్లందరినీ కాల్చేశారు. ఇతనికీ తలలో తూటా దిగింది, ప్రాణం పోలేదు. అక్కడ చంపిన లక్షన్నర మందికి పైగా మనుషుల్లో బతికినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఆ పడవ షాటును నేను ఎన్నోసార్లు చూశాను. అందం ఉన్న చోట దారుణాన్ని ఎలా చెప్పాలన్నది ఏ కళాకారుడికైనా పెద్ద చిక్కు. లాంజ్‌మన్ చెప్పలేదు, పాడించాడు. ముప్పయ్యేళ్లు దాటాక అదే మనిషి, అదే నది, అదే పాట. గొంతు పెద్దదైంది గానీ లోపల ఉన్నది పదమూడేళ్ల పిల్లవాడేనని వింటే తెలుస్తుంది. తర్వాత చర్చి ముందు ఊరివాళ్లు ఆయన చుట్టూ మూగుతారు. ఇతను మాకు బాగా గుర్తు అంటారు, మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ చివరికి యూదులదే తప్పన్న చోటికి వస్తారు. ఆయన మధ్యలో నిలబడి చిన్నగా నవ్వుతూ వింటుంటాడు. కెమెరా ఆ నవ్వును వదలదు. అంత ఓర్పున్న చూపు నేను వేరే ఏ డాక్యుమెంటరీలోనూ చూడలేదు.

చివరికి ‘ఇడా’. పావెల్ పావ్లికోవ్‌స్కీ 2013లో తీశాడు, నలుపు తెలుపు, కొలతకు గంటన్నర కూడా లేదు. 1960ల పోలండ్‌లో మఠంలో పెరిగిన అన్నా అనే అమ్మాయి సన్యాసినిగా ప్రమాణం చేయబోతోంది. ముందు ఒకసారి మీ పిన్నిని చూసి రా అంటుంది మఠాధిపతి. ఆ పిన్ని సిగరెట్ తాగుతూ తలుపు తీసి, నువ్వు యూదువి, నీ అసలు పేరు ఇడా అని చెబుతుంది. ఇది ‘ద సెర్చ్’కు తలకిందులు. అక్కడ పేరు పిలిస్తే పిల్లవాడికి ఇల్లు దొరికింది. ఇక్కడ పేరు పిలిస్తే అమ్మాయికి ఉన్న ఇల్లు పోయింది.

ఇందులో ఫ్రేము కట్టిన తీరు చూడండి. మనుషులు తెర మధ్యలో ఉండరు. కింద మూలన, కొన్నిసార్లు గడ్డం దాకానే కనిపిస్తారు. తల పైన ఖాళీ గోడ, ఖాళీ ఆకాశం. మా మేడగదిలో మొదట ఒకాయన ప్రొజెక్టరు సరిగ్గా పెట్టలేదని లేచాడు. కాదు, అది అలాగే తీశారు. చూస్తూ పోతే ఆ ఖాళీ లేనివాళ్ల చోటని అనిపిస్తుంది. తల్లి, తండ్రి, పిన్ని కొడుకు, అందరూ ఉండాల్సిన చోటు. ఇడా ఎందుకు బతికిందో చివరికి తెలుస్తుంది: మరీ చిన్నది, చూస్తే యూదుపిల్లని తెలియదు, అందుకని పాదరీకి అప్పగించారు. పిన్ని కొడుకు నల్లగా ఉన్నాడు, సుంతీ అయింది. అతన్ని చంపేశారు. ఒంటి గుర్తు మళ్లీ. ఈ మాట చెబుతున్న మనిషి గోతిలో కూర్చుని, తల దించుకుని చెబుతాడు. సినిమా పొడుగునా దాదాపు కదలని కెమెరా, ఆఖరి షాటులో ఇడా రోడ్డు మీద నడుస్తుంటే చేత్తో పట్టుకున్నట్టు ఊగుతుంది. ఆమె ఏ పేరుతో నడుస్తోందో దర్శకుడు చెప్పడు. నేను ఇన్నేళ్లలో చూసిన ఆఖరి షాట్లలో ఇంత నిజాయితీ ఉన్నవి చాలా తక్కువ.

మా గదికి వచ్చే కుర్రాడొకడు ‘యురోపా యురోపా’ అయ్యాక, తర్వాత అతను ఏమయ్యాడంకుల్ అని అడిగాడు. సినిమానే దానికి జవాబిచ్చింది. చివర్లో నిజమైన సాలొమన్ పెరెల్ తెర మీదికొచ్చి హీబ్రూలో పాడతాడు. ఆయన ఇజ్రాయెల్‌లో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ‘రన్ బాయ్ రన్’ చివర్లోనూ అసలు స్రులిక్, యోరామ్ ఫ్రిడ్మన్, ముసలితనంలో తన కుటుంబంతో సముద్రపు ఒడ్డున కనిపిస్తాడు.

పన్నెండేళ్లు దాటిన పిల్లలతో చూడాలనుకుంటే ‘ద టూ ఆఫ్ అస్’, ‘ద సెర్చ్’తో మొదలుపెట్టండి. ‘యురోపా యురోపా’, ‘ఇడా’ ఇంకాస్త పెద్దయ్యాక. ‘షోవా’ ఒక్క విడతలో అవదు, నాలుగు రోజులు పెట్టుకోండి. ఏది చూసినా, పేర్లు పడుతున్నాయి కదా అని లేచి దీపాలు వేయకండి. కొన్నిటిలో ఆ పేరు గల అసలు మనిషి ఆఖరి నిమిషాల్లోనే వస్తాడు.